నేల విడిచి సాము వద్దు

పోయిన నవంబరులో ఒక ఆదివారం, నేను ఇంతకుముందు చదివిన స్కూలు నుంచి ఫోన్ వచ్చింది. చేసింది అక్కడి రోబోటిక్స్ టీమ్‌లో నాకంటే రెండు క్లాసులు చిన్నవాడు. క్షేమ సమాచారాలయ్యాక కాస్త నసిగి, "భయ్యా, మీరు చేసిన లిఫ్ట్ ఊడదీసేశాం. మాకెవరికీ అది అర్థం కావడం లేదు. ఏమీ అనుకోకండి" అన్నాడు.

ఏమీ అనుకోనని చెప్పి ఫోన్ పెట్టేశాను గానీ, మనసు చివుక్కుమంది. ఆ లిఫ్ట్ కోసం దాదాపు మూడు నెలలు లంచ్ బ్రేకులు మానుకున్నాను. మూడంచెల లిఫ్ట్ అది. దారం ఏ కప్పీ మీదుగా ఏ కప్పీకి పోవాలో అంతా నా బుర్రలోనే ఉంది. ఎక్కడా రాసిపెట్టలేదు. సెప్టెంబరు చివర్లో నాన్నగారికి ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వచ్చింది. పది రోజుల్లో సామాను సర్దుకుని, టీసీ తీసుకుని వచ్చేశాం. లిఫ్ట్ అక్కడే ఉండిపోయింది. దాన్ని నడపడం తెలిసిన నేను రైలెక్కేశాను.

బాధ తగ్గాక ఆలోచిస్తే వాళ్లు చేసినదాంట్లో తప్పేమీ లేదనిపించింది. తప్పు మేము టీమ్ కట్టిన మొదటి రోజే జరిగింది. ఆ రోజు "మన రోబో ఎలా ఉండాలి?" అని గంటసేపు మాట్లాడుకున్నాం. "మనం పాయింట్లు ఎలా తెచ్చుకుంటాం?" అని ఒక్కరమూ అడగలేదు. రోబోటిక్స్ పోటీకి దిగే ఏ టీమ్ అయినా ముందు రెండో ప్రశ్న తేల్చుకుని, ఆ తరువాతే స్క్రూడ్రైవర్ పట్టుకోవాలని నా అభిప్రాయం. ఎందుకో మా అనుభవంతోనే చెబుతాను.

మా సర్ ఆ ఏడాది హౌస్‌ల మధ్య రోబోటిక్స్ పోటీ పెట్టారు. ఆట కొత్తగా కనిపెట్టలేదు. ఫస్ట్ టెక్ ఛాలెంజ్ అనే అంతర్జాతీయ పోటీలో 2022–23 సీజన్‌కు ఇచ్చిన 'పవర్‌ప్లే' ఆట నియమాలను తీసుకున్నారు. ఫస్ట్ అనేది 1989లో అమెరికాలో డీన్ కామెన్ స్థాపించిన సంస్థ. పవర్‌ప్లే ఆడేది ఒక్కో పక్షాన రెండు రోబోలతో. మనకున్నవి నాలుగు హౌస్‌లు. శివాజీ, టాగోర్ ఒకవైపు ఉంటే అశోక, రామన్ మరోవైపు. తరువాతి మ్యాచ్‌లో జంటలు మారతాయి. మూడు మ్యాచ్‌లలో ప్రతి హౌస్ మిగతా మూడింటితోనూ ఒక్కోసారి జతకడుతుంది.

ఆట ఇలా ఉంటుంది. 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఉన్న మైదానం. అందులో అయిదు వరుసల్లో అయిదేసి చొప్పున 25 జంక్షన్లు. వాటిలో 9 నేల మీదే ఉంటాయి. మిగతావి గుంజలు: 8 పొట్టివి, 4 మధ్యరకం, 4 పొడుగువి. పొట్టి గుంజ 13.5 అంగుళాలు, మధ్యరకం 23.5, పొడుగుది 33.5. రోబో ప్లాస్టిక్ కోన్లను ఒక్కొక్కటిగా తెచ్చి వీటి మీద పెట్టాలి. నేల జంక్షన్‌కు 2 పాయింట్లు, పొట్టి గుంజకు 3, మధ్యరకానికి 4, పొడుగు గుంజకు 5. మొదటి 30 సెకన్లు రోబో తన ప్రోగ్రామ్‌తో తానే నడవాలి. ఆ తరువాత 2 నిమిషాలు మనం రిమోట్‌తో నడుపుతాం. ఆట మొదలయ్యేటప్పుడు రోబో 18 అంగుళాల పెట్టెలో పట్టాలి. తరువాత ఎంత ఎత్తుకైనా సాగవచ్చు. మేము ఆక్టివిటీ హాల్లో నేల మీద చాక్‌పీసుతో గళ్లు గీసి, పీవీసీ పైపులతో గుంజలు నిలబెట్టుకున్నాం.

నియమాల కాగితం చేతికి రాగానే మా రామన్ హౌస్‌లో అందరి కళ్లూ 5 అనే అంకె మీదే పడ్డాయి. "పొడుగు గుంజకే ఎక్కువ పాయింట్లు. అంటే లిఫ్ట్ కావాలి" అన్నాను నేను. అందరూ చేతులెత్తారు. అయిదు నిమిషాల్లో నిర్ణయం అయిపోయింది. ఆ అయిదు నిమిషాలకు మూడు నెలలు మూల్యం చెల్లించాం.

టాగోర్ హౌస్ వాళ్లు ఎక్కువమంది 8, 9 తరగతుల పిల్లలు. వాళ్లు మొదటి వారం రోబో ముట్టుకోనే లేదు. ఒక నోట్‌బుక్ పెట్టుకుని నియమాలు చదువుకున్నారు. మేము నవ్వుకున్నాం. ఆ నోట్‌బుక్‌లో వాళ్లు మేము చూడని రెండు వాక్యాలు పట్టుకున్నారు.

మొదటిది: ఆట ముగిసే సమయానికి ఏ జంక్షన్ మీద పైన మన కోన్ ఉంటుందో, ఆ జంక్షన్ మనది. దానికి అదనంగా 3 పాయింట్లు. ఇప్పుడు లెక్క వేయండి. మనదైన పొడుగు గుంజ మీదే మరో కోన్ పెడితే వచ్చేది 5. ఖాళీగా ఉన్న నేల జంక్షన్ మీద ఒక కోన్ పెట్టి, చివరిదాకా అది మనదిగానే ఉంటే 2, 3 కలిపి అక్కడా 5 పాయింట్లే! ఖాళీ పొట్టి గుంజకైతే 6. ఎత్తుకు ఎక్కినవాడికీ నేల మీద ఉన్నవాడికీ తేడా మేము అనుకున్నంత లేదు. కాగితం మీద పెద్దగా కనిపించే అంకె ఒకటి, చివరకు చేతికొచ్చే అంకె ఇంకొకటి.

రెండోది: మొదటి 30 సెకన్లలో రోబో తన ముందున్న గుర్తును చూసి, మూడు చోట్లలో సరైన చోట ఆగితే 10 పాయింట్లు. ఆ గుర్తు టీమ్ సొంతంగా తయారుచేసుకున్నదైతే 20. అంటే ఒక కెమెరా, కొంచెం ప్రోగ్రామ్ ఉంటే చాలు. ఒక్క కోన్ కూడా ఎత్తకుండానే, పొడుగు గుంజ మీద నాలుగు కోన్లు పెట్టినన్ని పాయింట్లు. మా హౌస్‌లో కోడింగ్ బాగా వచ్చిన అమ్మాయి ఉంది. ఆమెను కూడా దారాలు బిగించే పనికే లాగాను. ఆ 20 పాయింట్ల వైపు మేము చూడనే లేదు.

పొట్టి గుంజ ఎత్తు 13.5 అంగుళాలు కదా. రోబోకే 18 అంగుళాల ఎత్తు దాకా అనుమతి ఉంది. కాబట్టి పొట్టి గుంజకు లిఫ్ట్ అక్కర్లేదు. పైకీ కిందకీ కదిలే ఒక చేయి, దాని చివర పట్టుకునే పంజా చాలు. టాగోర్ హౌస్ రెండో వారంలో ఆ చేయి బిగించింది. మిగిలిన రెండు నెలలూ వాళ్లు చేసింది ఒక్కటే. రోజూ 20 నిమిషాలు నడపడం, స్టాప్‌వాచ్ పెట్టడం, పడినవీ జారినవీ రాయడం.

మ్యాచ్‌ల రోజు స్కోరు షీట్లు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. మా లిఫ్ట్ ఒక కోన్ తెచ్చి, పైకి సాగి, గుంజ మీద పెట్టి, దిగి వెనక్కి రావడానికి 20 సెకన్లు పట్టేది. 120 సెకన్లలో 6 ప్రయత్నాలు. వాటిలో పడినవి 3. అంత ఎత్తులో రోబో ఊగుతుంది, గుంజ తగిలితే అదీ ఊగుతుంది. 3 కోన్లకు 15 పాయింట్లు, మూడు గుంజలు మావైనందుకు 9. మొత్తం 24.

టాగోర్ వాళ్ల చేయికి ఒక కోన్‌కు 12 సెకన్లు. 10 ప్రయత్నాలు, 9 పడ్డాయి. ఎనిమిది పొట్టి గుంజలకు 24, ఒక నేల జంక్షన్‌కు 2, కలిపి 26. వాటిలో నాలుగింటి మీద ఎదుటివాళ్లు తమ కోన్లు పెట్టి లాగేసుకున్నారు. మిగిలిన అయిదింటికి 15. మొత్తం 41. దీనికి మొదటి 30 సెకన్లలో తెచ్చుకున్న 20 అదనం. మా లిఫ్ట్ అద్భుతంగా పనిచేసి ఆరుకు ఆరూ పడి, నాలుగు పొడుగు గుంజలూ మావైపోయినా వచ్చేవి 42. అద్భుతం జరిగితే మాకు వచ్చేంత, వాళ్లకు మామూలు రోజున వచ్చింది.

మన తెలుగులో "నేల విడిచి సాము చేయడం" అంటారు. ఆ మాటకు అర్థం నాకు ఆ రోజు తెలిసింది.

ఇది చదివి కొందరు "అందని ద్రాక్ష పుల్లన అంటున్నావు" అనవచ్చు. ఆ మాటలో కొంత నిజం ఉంది. పవర్‌ప్లే ఆడిన గొప్ప టీములు పొడుగు గుంజల మీదే ఆడాయి. వీడియోలు చూస్తే తెలుస్తుంది. లెక్క కూడా వాళ్ల పక్షానే ఉంది. 8 సెకన్లకు ఒక కోన్ తప్పకుండా వేయగలిగితే 120 సెకన్లలో 15 కోన్లు, అంటే 75 పాయింట్లు. దాని ముందు ఏ పొట్టి గుంజ ఆటా నిలవదు. పైగా పొట్టి గుంజలు ఎనిమిదే. ఎదుటివాళ్లు వాటి మీద కన్నేస్తే మన పాయింట్లు కరిగిపోతాయి. కాబట్టి ఎత్తుకు పోవడం తప్పని నేను అనను. అక్కడికి పోయే వేగం, నిలకడ మన దగ్గర ఉన్నాయో లేదో కొలవకుండా పోవడం తప్పంటాను. ఆ టీములు ఎన్నో వందల సార్లు సాధన చేసి ఉంటాయి. మేము పోటీకి ముందు రోజు దాకా దారాలు మారుస్తూనే ఉన్నాం. రోబో నడిపే అభ్యాసానికి మాకు మిగిలింది రెండు సాయంత్రాలు.

"ముందే చిన్న లక్ష్యం పెట్టుకుంటే ఎప్పటికి ఎదుగుతాం?" అని మరో ప్రశ్న. మంచి ప్రశ్నే. నా జవాబు ఇది: చిన్నదానితో మొదలుపెట్టండి, కానీ పెరగడానికి చోటు ఉంచండి. ముందు బండి తిన్నగా నడవాలి. తరువాత పంజా పదిసార్లలో తొమ్మిదిసార్లు కోన్ పట్టుకోవాలి. తరువాత పొట్టి గుంజ. అది కుదిరాక చేయి పొడిగించి మధ్యరకం. ప్రతి మెట్టు మీదా రోబో పోటీకి సిద్ధంగానే ఉంటుంది. మాది అలా కాదు. లిఫ్ట్ పనిచేస్తే అన్నీ ఉన్నట్టు, లేకపోతే ఏమీ లేనట్టు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా రోబో ఇంట్లో ఒక్కసారి కూడా గెలవకుండానే రచ్చకు వచ్చింది.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. నమ్మకంగా చేయగలిగిందే చేయాలన్న సూత్రం అన్ని పోటీలకూ ఒకేలా వర్తించదు. మన స్కూళ్లలో లెగో రోబోలతో ఎక్కువగా ఆడే ఫస్ట్ లెగో లీగ్ ఛాలెంజ్‌ను చూడండి. అక్కడ రెండున్నర నిమిషాల చొప్పున మూడుసార్లు ఆడిస్తారు. మూడింటిలో ఎక్కువ వచ్చిన స్కోరునే లెక్కలోకి తీసుకుంటారు. రెండుసార్లు తప్పినా ఒక్కసారి కుదిరితే చాలు. కాబట్టి అక్కడ ఒక కష్టమైన పని ప్రయత్నించి చూడటంలో అర్థం ఉంది. అలాగని అక్కడా తప్పులు ఉచితం కావు. టీమ్‌కు 6 టోకెన్లు ఇస్తారు. రోబో దారిలో ఆగిపోయి మనం చేత్తో పట్టుకుని తెచ్చుకున్న ప్రతిసారీ ఒకటి పోతుంది. అయిదు గానీ ఆరు గానీ మిగిలితే 50 పాయింట్లు, మూడే మిగిలితే 25. ఇక పవర్‌ప్లే లాంటి ఆటలో ప్రతి మ్యాచ్‌లో గెలుపోటములు లెక్కకు వస్తాయి. పైగా మన తప్పుకు మన జంట టీమ్ కూడా ఓడిపోతుంది. మా లిఫ్ట్ దారం తెగిన మ్యాచ్‌లో మాతో జతగా ఉన్నది అశోక హౌస్. వాళ్లు ఏ తప్పూ చేయలేదు. వాళ్ల ముఖాలు నాకింకా గుర్తున్నాయి. అందుకే పాయింట్లు ఎక్కడున్నాయో చూసినట్టే, వాటిని చివరకు ఎలా కలుపుతారో కూడా చదవాలి.

ఇంతవరకు చెప్పింది ఏ టీమ్‌కైనా పనికొస్తుంది. ఇప్పుడు చెప్పబోయేది ప్రత్యేకంగా మన కోసం.

మన క్లాసులో అటెండెన్స్ రిజిస్టరు తీసి చూడండి. ఏప్రిల్‌లో ఉన్న పేర్లలో కొన్ని డిసెంబరుకు కొట్టివేసి ఉంటాయి, కింద కొత్త పేర్లు ఎర్ర ఇంకుతో చేరి ఉంటాయి. రైల్వే, సైన్యం, తపాలా, ఆదాయపు పన్ను, ఏ శాఖైనా సరే, అమ్మానాన్నల ఆర్డర్లు మన పోటీ తేదీలు చూసుకుని రావు. కాబట్టి వేరే స్కూలు టీమ్ మూడు ప్రశ్నలు వేసుకుంటే మనం నాలుగు వేసుకోవాలి. ఎన్ని పాయింట్లు? ఎన్ని సెకన్లు? పదింటిలో ఎన్నిసార్లు? నాలుగోది: దీన్ని చేసిన మనిషి వచ్చే నెల ఇక్కడ లేకపోతే మిగిలినవాళ్లు బాగుచేసుకోగలరా?

హౌస్‌ల పోటీలో మా లిఫ్ట్ ఓడిపోయాక కూడా, డిసెంబరులో చుట్టుపక్కల స్కూళ్లతో ఆడబోయే స్కూలు టీమ్‌కు దాన్నే పెట్టాలని పట్టుబట్టింది నేనే. "ఇంకొంచెం సరిచేస్తే చాలు" అన్నాను. చూడటానికి గొప్పగా ఉంటుందని అందరూ సరేనన్నారు. నేను వెళ్లిపోయాక వాళ్లు ఆరు వారాలు దానితో కుస్తీ పట్టారు. దారం జారిపోయేది. ఎవరికీ తిరిగి వేయడం వచ్చేది కాదు. నాకు ఫోన్ చేస్తే వీడియో కాల్‌లో చెప్పేవాణ్ని. కప్పీల వరుస ఫోన్‌లో కనబడదు. నా చదువులకు ఇబ్బంది అవుతుందని కొన్నాళ్లకు వాళ్లే ఫోన్లు మానేశారు. గుంజ ఎక్కని లిఫ్ట్ కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. నా గొప్ప కోసం చేసిన వస్తువును నా స్నేహితుల నెత్తిన పెట్టి వచ్చాను.

మన ఇళ్లలో ఒక మాట తరచూ వింటుంటాం: "చార్జ్ అప్పగించడం". నాన్నగారు ఊరు మారే ముందు రోజు రాత్రి దాకా ఆఫీసులో కూర్చుని, ఏ ఫైలు ఎక్కడుంది, ఏ తాళం దేనిది, ఏ పని ఎంతవరకు వచ్చింది, అన్నీ కాగితం మీద రాసి తన స్థానంలో వచ్చినవారికి అప్పగించి వస్తారు. "ఎవరు ఎలాగైనా చూసుకుంటారులే" అని ఎప్పుడూ రాలేదు. నేను మాత్రం మూడు నెలల పనిని ఒక్క కాగితం ముక్క లేకుండా వదిలి వచ్చాను.

అందుకే ఇప్పుడు చేరిన స్కూల్లో రోబోటిక్స్ టీమ్ మొదటి సమావేశంలో నేను మూడు సూచనలు చేశాను. మీ స్కూల్లోనూ ప్రయత్నించి చూడండి.

మొదటి వారం ఎవరూ రోబోను ముట్టుకోకూడదు. నియమాలు చదివి, పాయింట్లు వచ్చే ప్రతి పనినీ ఒక పట్టికలో రాయాలి. పక్కన ఎన్ని సెకన్లు పట్టవచ్చో, ఏ సామాను కావాలో రాయాలి. సెకన్లు ఊహించి రాయకండి. ఒకరు రోబోలా నడిచి, కోన్ తెచ్చి పెడుతుంటే మరొకరు స్టాప్‌వాచ్ పట్టుకోండి. నవ్వొస్తుంది గానీ దారి ఎంత దూరమో కాళ్లకు తెలుస్తుంది.

రెండోది, పదింటిలో ఎనిమిదిసార్లు కుదరని పనిని పోటీ రోజు చేయకూడదు. ల్యాబ్‌లో ఎంతైనా ప్రయత్నించండి. పోటీకి నెల ముందు మాత్రం కొత్త భాగాలు బిగించడం ఆపేసి, నడిపే సాధన మొదలుపెట్టండి.

మూడోది, రోబోలో ప్రతి భాగమూ ఇద్దరికి తెలిసి ఉండాలి. అందులో ఒకరు జూనియర్ కావాలి. నెలకొకసారి చేసినవాళ్లు చేతులు కట్టుకుని కూర్చోవాలి, రెండోవారు ఆ భాగాన్ని విప్పి మళ్లీ బిగించాలి. బిగించలేకపోతే ఆ భాగం మన టీమ్‌కు మరీ కష్టమైనదన్నమాట. అప్పుడు దాన్ని ఇంకా తేలిక చేయాలి. ఎలా చేశామో బొమ్మలతో రాసి పెట్టుకోవాలి. ఇది ఉత్త క్రమశిక్షణ కోసం కాదు. ఫస్ట్ టెక్ ఛాలెంజ్‌లో కొన్ని బహుమతులకు, టీమ్ తన పనిని ఎలా ఆలోచించి చేసిందో చూపే పోర్ట్‌ఫోలియోను న్యాయనిర్ణేతలు చదువుతారు. రాసిపెట్టుకున్న పనికి పోటీలోనూ విలువ ఉంది.

ఈ పద్ధతిలో రోబో అంత ఆర్భాటంగా ఉండదు. ఎగ్జిబిషన్‌లో దాని చుట్టూ జనం మూగకపోవచ్చు. కానీ మార్చిలో ఎవరికి టీసీ రాసినా ఏప్రిల్‌లో ఆ రోబో నడుస్తుంది.

డిసెంబరు చివర్లో ఆ తమ్ముడు ఒక ఫోటో పంపాడు. నా లిఫ్ట్ ఉన్న చోట టాగోర్ హౌస్ వాళ్ల చేయి లాంటిదే ఒకటి ఉంది. చుట్టుపక్కల స్కూళ్లతో ఆడిన నాలుగు మ్యాచ్‌లలో రెండు గెలిచారట. ఫోటోలో రోబో పక్కన ఒక నోట్‌బుక్ తెరిచి ఉంది. పెద్దది చేసి చూశాను. చేయి బొమ్మ, మోటారు వైర్ల రంగులు, ఏ స్క్రూ ఎక్కడో, అన్నీ రాసి ఉన్నాయి. అడిగితే చెప్పాడు: "ఫిబ్రవరిలో మాకూ ట్రాన్స్‌ఫర్ ఉండొచ్చు భయ్యా. అందుకే ఇప్పుడే రాసి పెడుతున్నా."

నాకంటే రెండు క్లాసులు చిన్నవాడు నాకంటే ముందే నేర్చుకున్నాడు.

— 11వ తరగతి విద్యార్థి